రాస్ప్‌బెర్రీ పైకి స్థిర చిరునామా: బోర్డులో రాయాలా, రౌటర్‌కు వదిలేయాలా?

చెరువుగట్టు:
మా ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు ఒకటి ఏడాదిగా పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్‌ను నడుపుతోంది. ప్రకటనలను అడ్డుకోవడం దాని పని. ఇంట్లోని ఫోన్లన్నింటిలోనూ, సైట్ల పేర్లకు నంబర్లు ఎవరిని అడగాలో చెప్పే డీఎన్‌ఎస్ గడిలో దాని చిరునామా 192.168.1.7 అని నేనే ఒక్కొక్కటిగా రాసి పెట్టాను. మొన్న రాత్రి కరెంటు పోయి వచ్చాక పై కాస్తా 192.168.1.12కు మారింది. 7 ఇప్పుడు టీవీకి దక్కింది. ఫోన్లేమో పాపం, దారి చెప్పమని టీవీని అడుగుతున్నాయి. ఒక్క పేజీ తెరుచుకోలేదు, ఇంటిల్లిపాదీ నా మీద పడ్డారు. పాత అలవాటు కొద్దీ, పైలో చిరునామా సంగతి చూసే డీహెచ్‌సీపీసీడీ అనే ప్రోగ్రాం సెట్టింగుల ఫైలులో స్థిర చిరునామా వరుసలు రాసి చూశాను, చలనం లేదు. స్నేహితుడొకరు “బోర్డును ముట్టుకోవద్దు, రౌటర్‌లోనే నంబరు రిజర్వు చేయి” అన్నాడు. ఏది మేలు?

తీగలపెట్టె:
మీ స్నేహితుడి మాటే సరైనది. ఇంట్లో చిరునామాలు పంచే పని రౌటర్‌ది. కరెంటు పోతే చాలా చవక రౌటర్లు ఎవరికి ఏ నంబరు ఇచ్చాయో మరిచిపోతాయి. తిరిగి లేచాక ముందు అడిగినవారికి ముందు. రిజర్వు చేస్తే ఆ లెక్క రౌటర్‌లో నిలిచి ఉంటుంది, బోర్డుకు పుట్టుకతో వచ్చే గుర్తింపు సంఖ్య, అంటే మ్యాక్ చిరునామా చూసి ప్రతిసారీ అదే నంబరు ఇస్తుంది. ఎస్‌డీ కార్డు పాడై రేపు ఓఎస్ కొత్తగా ఎక్కించినా నంబరు మారదు, మ్యాక్ బోర్డుది కాబట్టి. ఒక్కటే జాగ్రత్త: పైలో వైఫైకి ఒక మ్యాక్, కేబుల్‌కు వేరే మ్యాక్ ఉంటాయి. ఏది వాడుతున్నారో దానికే రిజర్వు చేయండి. ఊళ్లో ఇంటి నంబర్లు పంచాయతీ వేయాలి. ఎవరికి వారు గోడ మీద సున్నంతో రాసుకుంటే పోస్టుమ్యాన్ గతి ఏమిటి?

ఎర్రదీపం:
పంచాయతీ కార్యదర్శి అందుబాటులో ఉంటేనే ఆ మాట చెల్లుతుంది. చెరువుగట్టు గారు ఒక్కొక్క ఫోనులో డీఎన్‌ఎస్ రాసుకున్నారంటేనే అర్థమవుతోంది, రౌటర్ ఆయన చేతిలో లేదు. ఉంటే ఆ పని రౌటర్‌లో ఒక్కసారి చేసి ఊరుకునేవారు.

ముందు ఆ ఫైలు సంగతి. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వార్మ్ వెర్షన్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో నెట్‌వర్క్ వ్యవహారమంతా నెట్‌వర్క్‌మేనేజర్ అనే ప్రోగ్రాం చేతికి వెళ్లింది. పాత ఫైలులో ఎంత రాసినా చదివేవారు లేరు. ఇంటర్నెట్‌లో చాలా పాఠాలు ఇప్పటికీ దాన్నే చూపిస్తున్నాయి. టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ హక్కుతో) ఎన్‌ఎమ్‌టీయూఐ అనే దాని సెట్టింగుల తెరను తెరిచి, మీ కనెక్షన్‌లో ఐపీవీ4ను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చండి. చిరునామా చివర /24 చేర్చండి (మొదటి మూడు అంకెలు ఇంటి నెట్‌వర్క్‌వని దాని అర్థం), బయటికి దారి అయిన గేట్‌వేగా రౌటర్ చిరునామా రాయండి. తర్వాత కనెక్షన్‌ను ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించండి.

ఇంటికంతటికీ దారి చెప్పాల్సిన యంత్రం తన చిరునామా కోసం ఇంకొకరి గుమ్మం ముందు నిలబడకూడదన్నది నా పట్టుదల. రౌటర్ మార్చిన రోజున మీ రిజర్వేషన్ పాత పెట్టెతోపాటే పోతుంది.

తీగలపెట్టె:
ఆ కొత్త రౌటర్ 192.168.0 వరుసతో వస్తే? బోర్డులో 192.168.1 అని రాసుకున్నవారికి పై అసలు కనిపించదు. మానిటర్, కీబోర్డు వెతికి తెచ్చి తగిలించుకోవాలి. పైగా మీరు రాసిన నంబరు రౌటర్ పంచే వరుసలోనే ఉంటే, పై ఆగి ఉన్న పూట అది చుట్టాల ఫోనుకు వెళ్తుంది. తర్వాత పై లేస్తుంది. ఒకే నంబరుకు ఇద్దరు. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. ఇంతకంటే చిరాకు తెప్పించే తప్పు నాకు తెలియదు. బోర్డులో రాయడం, పేరుకు తగ్గట్టే, పైపై వైద్యం.

బళ్లోబోర్డు:
మా ల్యాబ్‌లో ఒక ఎస్‌డీ కార్డు తయారుచేసి 12 నకళ్లు తీశాం. అసలు కార్డులో స్థిర చిరునామా ఉందన్న సంగతి మరిచాం. 12 బోర్డులూ ఒకే నంబరుతో లేచాయి, ఆ పూట పాఠం జరగలేదు. అప్పటి నుంచి నంబర్ల జోలికి పోవడం లేదు. ఒక్కో బోర్డుకు వేరే పేరు పెట్టి, చివర .లోకల్ చేర్చి పిలుస్తున్నాం. నంబరు మారినా పేరు పలుకుతుంది.

ఎర్రదీపం:
లాగిన్ కావడానికి బాగుంటుంది. వైఫై సెట్టింగులలోని డీఎన్‌ఎస్ గడిలో మాత్రం నంబరే రాయాలి. పేర్లను నంబర్లుగా మార్చేవాడి చిరునామానే పేరుతో ఇస్తే, ఆ పేరు అర్థం ఎవరిని అడగాలి? తీగలపెట్టె గారు చెప్పిన వరుస సంగతి నిజమే, నేను ముందే చెప్పవలసింది.

చెరువుగట్టు:
ఎర్రదీపం గారి ఊహ నిజం. రౌటర్ పాస్‌వర్డ్ కేబుల్ ఆపరేటర్ దగ్గర ఉంది. నిన్న బోర్డులో 192.168.1.250 రాశాను. బోర్డులోంచి నంబరుతో పిలిస్తే జవాబు వస్తోంది గానీ, ఒక్క సైటు పేరూ పలకలేదు. అరగంట తల పట్టుకున్నాక చూస్తే, బోర్డులోని డీఎన్‌ఎస్ గడి ఖాళీగా వదిలేశాను. నింపాక కుదుటపడింది. తీగలపెట్టె గారు పెట్టిన భయంతో ఈ ఉదయం ఆపరేటర్‌కు ఫోను చేశాను. రౌటర్ 2 నుంచి 254 వరకు అన్నీ పంచుతోందట. 199 దగ్గర ఆపమన్నాను, రెండు నిమిషాల్లో మార్చాడు. పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు.

తీగలపెట్టె:
ఎలాగూ ఫోను చేశారు, ఆ నోటితోనే రిజర్వు చేయమని అడిగి ఉంటే సరిపోయేది.

ఎర్రదీపం:
రేపు ఆయన రౌటర్‌ను రీసెట్ చేస్తే ఆ రిజర్వేషన్ ఏమవుతుంది?

తీగలపెట్టె:
మీ 199 హద్దు ఏమవుతుందో అదే.

చెరువుగట్టు:
అందుకే “రీసెట్ చేసే ముందు నాకు చెప్పండి” అని చీటీ రాసి రౌటర్‌కు అంటించాను. ఆయన ఆ పని తన ఆఫీసులో కూర్చునే చేస్తాడని ఇప్పుడే గుర్తొచ్చింది.