మూడు రోజుల ఉపవాస ప్రార్థనతో మద్యం మాన్పించవచ్చా?

గాజువాక సేవకుడు:
అందరికీ వందనాలు. మా సంఘంలో ఇద్దరు సహోదరులు మందు మానేస్తామని ముందుకొచ్చారు. ఇద్దరిదీ ఏళ్ల తరబడి అలవాటు. ఒకాయనకి పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణుకుతాయి. మందిరంలో మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో కూర్చోబెట్టి, తర్వాత వారానికో కూడిక పెట్టాలని పెద్దలంటున్నారు. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

వాల్తేరు నర్సు:
వందనాలు అన్నా. వణుకున్న ఆయన్ని దయచేసి ఉపవాసంలో కూర్చోబెట్టకండి. తాగడం ఆపిన 6 గంటల నుంచే వణుకు, చెమటలు, వాంతులు మొదలవ్వచ్చు. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి జ్వరం, గుండెదడ వచ్చి మతి తప్పుతుంది, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. మీరనుకున్న మూడు రోజులూ సరిగ్గా ఇవే. దయ్యం పట్టిందనుకుని ప్రార్థనలోనే ఉంచేస్తే ప్రాణం పోవచ్చు. అదుపు తప్పాడని గొలుసులతో కట్టడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది కూడా.

ముందు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) సైకియాట్రీ ఓపీకో తీసుకెళ్లండి. వణుకు, ఫిట్స్ రాకుండా లిబ్రియం లాంటి మాత్రలు మొదలుపెట్టి, రోజురోజుకీ తగ్గిస్తూ ఆపేస్తారు. సొంతంగా కొని వేయకండి. నీరసంగా ఉన్నాడని వీధి చివర ఉత్త గ్లూకోజ్ సెలైన్ ఎక్కించొద్దు. థయామిన్, అంటే బీ1, అందకుండా గ్లూకోజ్ వెళ్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఉపవాసం సంఘం చేయనివ్వండి, ఆయన కడుపునిండా తినాలి.

కంచరపాలెం కూడిక:
కూడిక సంగతి. కాలిఫోర్నియాలో 1991లో మొదలైన సెలబ్రేట్ రికవరీ అనే వ్యసన విముక్తి చర్చి కార్యక్రమం మత్తయి 5లోని ధన్యతల మీద 8 సూత్రాలు పెట్టుకుంది, అది చూడండి. మగవాళ్లు, ఆడవాళ్లు వేర్వేరుగా, ఆరేడుగురికి మించకుండా కూర్చోవాలి. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు, మధ్యలో ఎవరూ సలహా ఇవ్వకూడదు. ఒకరి మాట గడప దాటకూడదు. అయ్యగారు ఆ గుంపులో కూర్చోకపోతేనే మంచిది, ఆయన ముందు నిజం నోటికి రాదు. యాకోబు 5:16లో ఒకరితో ఒకరు ఒప్పుకోమన్నది ఈ పనికే.

ఆదివారం పొద్దున కాదు, శనివారం సాయంత్రం పెట్టండి, కాళ్లు షాపు వైపు లాగేది అప్పుడే. రెండు వారాలు మానగానే వేదిక ఎక్కించి సాక్ష్యం చెప్పించకండి. మళ్లీ తాగితే ఆ సిగ్గుకి మందిరం గడప తొక్కరు. శ్రమదినాల్లో నలభై రోజులు మానినవాళ్లు ఈస్టర్ రోజే జారిపోతుంటారు, ఆ వారమంతా రోజూ ఒకరు ఫోన్ చేయాలి.

వాల్తేరు నర్సు:
ఇంకో మాట. మందు మాన్పించే డైసల్ఫిరామ్ మాత్రని కొన్ని ఇళ్లలో చెప్పకుండా కూరలో కలుపుతారు. దాని మీద తాగితే బీపీ పడిపోయి మనిషే పోవచ్చు. మాత్ర ఆపాక కూడా రెండు వారాల వరకు ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టర్ రాస్తే, ఆయనకి తెలిసే వేసుకోవాలి. అప్పుడు ప్రభు బల్లలో వైన్ కూడా పనికిరాదు.

గాజువాక సేవకుడు:
మా బల్లలో మామూలు ద్రాక్షరసమే సిస్టర్. రెండో ఆయనకి వణుకు లేదు, ఆయన్నీ చూపించాలా?

వాల్తేరు నర్సు:
చూపించండి. ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చాయేమో ఇంట్లోవాళ్లని అడిగి డాక్టర్‌కి చెప్పండి. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈలోపు సలహా కావాలంటే మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, ఉచితం.