హౌస్‌బోటు టాయిలెట్: క్లిప్పు ఎంత బిగించినా గొట్టం దగ్గర కారడం ఆగట్లేదు

లంకబోటు:
దిండి వైపు తిరిగే రెండు గదుల హౌస్‌బోటు. చేత్తో పంపు కొట్టే మెరైన్ టాయిలెట్లు రెండున్నాయి. ఒకదాని వెనక మలం బయటికి పోయే పెద్ద గొట్టం, ఒకటిన్నర అంగుళాలది, పంపు ఎల్బో మీద ఎక్కే చోట కారుతోంది. కొట్టినప్పుడు రెండు మూడు బొట్లు పడతాయి. తెల్లారేసరికి కింద చెక్క మీద అరచేయంత తడి. వాసన గదిలోకి వచ్చేస్తోంది. గొట్టం అక్కడినుంచి పైకెక్కి, రెండు మీటర్లు పోయి 100 లీటర్ల ట్యాంకులో కలుస్తుంది, ఏట్లోకి వదలం. ఇప్పుడున్నది పొలం మోటార్లకు వేసే పచ్చ సక్షన్ పైపు, ఒకటే క్లిప్పు. స్క్రూ ఇంకో రెండు చుట్లు తిప్పితే ఒక రోజు ఆగి మళ్లీ మొదలవుతోంది. పైన ఎంసీల్ పెట్టిస్తే పెచ్చులా ఊడొచ్చింది. ఇంకో క్లిప్పు వేస్తే సరిపోతుందా, గొట్టమే మార్చాలా? మార్చాలంటే ఏది కొనాలి, ఎలా ఎక్కించాలి?

ఏటిగట్టు:
లంకబోటు గారూ, మీరు రాసిన దాంట్లోనే జవాబు సగం ఉంది. పచ్చ సక్షన్ పైపు లోపల గట్టి ప్లాస్టిక్ చుట్ట మెలికలా తిరిగి ఉంటుంది. క్లిప్పు పట్టీ ఆ చుట్ట మీద కూర్చుంటే అక్కడ బిగుస్తుంది, చుట్టకూ చుట్టకూ మధ్య వదులుగానే ఉండిపోతుంది. ఆ సందులోంచి నీళ్లు స్క్రూ మరలాగా మెలి తిరుగుతూ బయటికొస్తాయి. ఎంత బిగించినా చుట్ట నలగదు, పట్టీ మాత్రం తెగుతుంది. పైగా ఆ పైపు మోటారు నీళ్లకోసం చేసింది. మలం రోజంతా నిలిచే చోట కొన్నాళ్లకు వాసన దాని గోడలోంచే బయటికొస్తుంది.

అది తేల్చుకోవడం తేలికే. జాయింటుకు దూరంగా, గొట్టం నడుమ వేడినీళ్లలో పిండిన గుడ్డ చుట్టండి. చల్లారాక తీసి గుడ్డ వాసన చూడండి. కంపు కొడితే గొట్టం మార్చాల్సిందే, జాయింటు ఎంత బాగు చేసినా గదిలో వాసన పోదు.

విప్పేముందు ఇంకోటి చూడండి. నీళ్లు గొట్టం అంచు నుంచే వస్తున్నాయా, లేక ఎల్బో పంపుకు అతుక్కునే ఫ్లాంజి నుంచి కారి గొట్టం మీదికి దిగుతున్నాయా? ఆ ఫ్లాంజి లోపల, పోయినవి వెనక్కి రాకుండా ఆపే జోకర్ వాల్వు అనే రబ్బరు ముక్క ఉంటుంది, చాలా మోడళ్లలో వాషరు కూడా అదే. అంతా పొడిగా తుడిచి, ఫ్లాంజి చుట్టూ ఒక టిష్యూ కాగితం, గొట్టం అంచు చుట్టూ ఇంకొకటి కట్టి పది సార్లు కొట్టండి. ముందు తడిసేదే దొంగ. తెల్లారేసరికి ఎక్కువ తడి ఉండటానికి కారణం ఏమిటంటే, మీ జాయింటు జోకర్ వాల్వు దాటాక ఉంది. 38 మి.మీ. గొట్టంలో మీటరుకు లీటరు పైచిలుకు నిలుస్తుంది. పైకెక్కిన గొట్టంలోని ఆ నీళ్ల బరువంతా రాత్రంతా దానిమీదే.

నట్టుబోల్టు:
ఏటిగట్టు గారు చెప్పినది కరెక్టు. రెండో క్లిప్పు ఒక్కటే వేస్తే డబ్బులు దండగ. గొట్టం మార్చేటప్పుడు చేయాల్సినవి వరసగా చెప్తాను.

కొనేది: లోపల నున్నగా ఉండే మెరైన్ శానిటేషన్ హోస్, లోపలి కొలత 38 మి.మీ., మీకు రెండున్నర మీటర్లు చాలు. 40 ఇస్తాం, ఒకటే అంటారు, ఒప్పుకోకండి. ఆ రెండు మి.మీ. వదులుని క్లిప్పుతో మూయాలని చూస్తే గొట్టం ఒకచోట మడత పడుతుంది, ఆ మడతే కారే దారి. క్లిప్పులు నాలుగు, 316 స్టెయిన్‌లెస్, పట్టీలో చిల్లులు లేనివి, 12 మి.మీ. వెడల్పు. అయస్కాంతం పట్టీకి కాదు, స్క్రూకి ఆనించి చూడండి. పట్టీ స్టెయిన్‌లెస్ అయి స్క్రూ మామూలు ఇనుముదైతే గట్టిగా లాగుతుంది. అలాంటిది ఆ చెమ్మలో తుప్పు పట్టి, ఒక రోజు చేత్తో ముట్టుకుంటే విరుగుతుంది.

విప్పేది: ముందు మంచినీళ్లు పోసి ఇరవై సార్లు కొట్టి గొట్టం కడగండి. ఏటి నీళ్లు లోపలికొచ్చే వాల్వు మూసేయండి. కింద బకెట్టు పెట్టండి. గది తలుపులు, బోటు అడుగు అర మూతలు అన్నీ తెరవండి, దగ్గర్లో బీడీ, దీపం ఉండకూడదు. ట్యాంకులో పుట్టే గ్యాసులో మండేదీ ఉంటుంది, మనిషిని పడగొట్టేదీ ఉంటుంది. క్లిప్పు తీసి గొట్టాన్ని మెలితిప్పి లాగకండి, ప్లాస్టిక్ ఎల్బో చెవి విరుగుతుంది. కత్తితో గొట్టాన్ని నిలువుగా చీల్చి అరటి తొక్కలా ఒలవండి. కత్తి మొన నిపుల్‌కు, అంటే గొట్టం ఎక్కే ఎల్బో కొసకు తగలకూడదు. నిలువుగా పడిన ఒక్క గీత చాలు, కొత్త గొట్టం కింద కూడా నీళ్లు ఆ కాలవ పట్టుకునే వస్తాయి. గీత ఉంటే 400 నంబరు వాటర్ పేపరుతో నిపుల్ చుట్టూ తిప్పుతూ రుద్దండి, నిలువుగా కాదు. లోతుగా ఉంటే ఎల్బో మార్చడమే.

ఎక్కించేది: గొట్టం కొసను వాలు లేకుండా తిన్నగా అడ్డంగా కోయాలి. నిపుల్ పొడవు కొలిచి గొట్టం మీద మార్కరుతో గీత పెట్టుకోండి, పూర్తిగా ఎక్కిందో లేదో ఆ గీతే చెబుతుంది. క్లిప్పులు రెండూ ముందే తొడిగి వెనక్కి జరపండి. మరిగిన నీళ్లు చెంబులో పోసి కొసను ఏడెనిమిది సెంటీమీటర్లు ఒక నిమిషం ముంచండి. నిపుల్ మీద అంట్లు తోమే సబ్బు నీళ్లు రాసి, గొట్టాన్ని కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతూ ఒకే ఊపులో గీత దాకా నెట్టండి. గ్రీజు, వాజలిన్ వద్దు, కొన్ని రకాల రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. లైటరుతో కాల్చడం అసలే వద్దు.

మొదటి క్లిప్పు గొట్టం అంచుకు 5 మి.మీ. లోపల, రెండోది దాని వెనక, స్క్రూలు ఎదురెదురు వైపులకు. రెండూ నిపుల్ మీదే ఉండాలి. నిపుల్ పొట్టిదై రెండోది దాని కొస దాటి పడితే గొట్టాన్ని ఆ అంచుమీద కోసేస్తుంది, అప్పుడు ఒకటే వేయడం నయం. స్క్రూ డ్రైవరు జారుతుంది, బాక్సు స్పానరుతో బిగించండి. పట్టీ రెండు పక్కలా గొట్టం కాస్త ఉబ్బగానే ఆపేయండి. మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి కొంచెం బిగించాలి, గొట్టం సర్దుకుంటుంది కనుక.

గాలివాటు:
క్లిప్పు కింద కాస్త సిలికాన్ పూస్తే ఇంకా భద్రం కదండీ? మా వైపు అందరూ అదే చేస్తారు.

నట్టుబోల్టు:
పూయకూడదు. గొట్టం నిపుల్ గాట్లను కరిచిపట్టుకుంటేనే ఆ జాయింటు నిలుస్తుంది. సిలికాన్ ఆరేదాకా నూనెలా జారనిస్తుంది, ఆరాక గాట్లన్నీ పూడ్చేస్తుంది. ఒత్తిడి వచ్చినప్పుడు గొట్టం ఊడి రావడానికి అదే దారి. ట్యాంకు దగ్గర మర ఉన్న నిపుల్ వేరు, అక్కడ టెఫ్లాన్ టేపు బిగించే దిశలో మూడు నాలుగు చుట్లు వేయాలి. ప్లాస్టిక్ ట్యాంకైతే చేత్తో బిగించాక ఒక అర చుట్టు చాలు, ఎక్కువైతే మర పగులుతుంది.

ఏటిగట్టు:
ఒకటి అడగడం మరిచాను. పంపు ఈమధ్య బరువెక్కిందా? కొట్టాక హ్యాండిల్ తనంతట తనే పైకి లేస్తోందా?

లంకబోటు:
అవునండీ. చివర్లో చాలా గట్టిగా ఉంటోంది, వదిలేస్తే లేస్తోంది. జోకర్ వాల్వు పాడైందేమో అనుకున్నాం. గుడ్డ పరీక్ష కూడా చేశాం, వాసన ఉంది, కొత్త గొట్టానికి ఆర్డరు చెప్పాం. టిష్యూల్లో గొట్టం అంచుదే ముందు తడిసింది.

ఏటిగట్టు:
జోకర్ వాల్వు ఎలాగూ ఏడాదికోసారి మార్చేదే, ఇప్పుడు మార్చేయండి. కానీ మీరు చెప్పిన లక్షణం ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయినప్పటిది. లోపలికి నీళ్లు వెళ్లాలంటే లోపలి గాలి బయటికి పోవాలి. పోకపోతే మీరు కొట్టిన ప్రతి దెబ్బా ట్యాంకులో ఒత్తిడి పెంచుతుంది, అది వెనక్కి తన్ని ఉన్నవాటిలో బలహీనమైన జాయింటును వెతుక్కుంటుంది. కొత్త గొట్టం వేసినా అక్కడ కాకపోతే ఇంకోచోట కారుతుంది. ఒత్తిడి ఉండగా గొట్టం విప్పితే మీద చిమ్ముతుంది కూడా.

డెక్కు మీద ట్యాంకు ఖాళీ చేసే మూత ఉంటుంది. ముఖం పక్కకు పెట్టి, చేతికి గ్లవుసు వేసుకుని, మెల్లగా వదులు చేయండి. బుస్సుమంటే అనుమానం తీరినట్టే. మూత తీసి పంపు కొట్టి చూడండి, తేలికైపోతే తప్పు గాలి గొట్టానిదే. బయట గాలి రంధ్రంలో కందిరీగలు మట్టి గూడు కడతాయి, తీగతో పొడిచి రాల్చండి. ట్యాంకు నిండి పొంగిన బోట్లలో మలమే ఎక్కి ఎండిపోతుంది. అప్పుడు గాలి గొట్టం విప్పి నీళ్లతో వెనక్కి కడగాలి. అది 19 మి.మీ. కంటే సన్నగా ఉంటే పెద్దది వేయండి.

లంకబోటు:
మూత వదులు చేయగానే గట్టిగా బుస్సుమంది. రంధ్రంలో బొటనవేలి కణుపంత మట్టి గూడు. అది తీశాక పంపు ఒక చేత్తో కొట్టేంత తేలికైంది. గొట్టం, క్లిప్పులు, జోకర్ వాల్వు మార్చాం. టిష్యూ ఐదు రోజులుగా పొడిగా ఉంది. జాయింటుకు జానెడు దూరంలో గొట్టాన్ని గోడకు బిగించాం, ముందు దాని బరువంతా ఎల్బో మీదే వేలాడేది. పాత తడిని ముందు ఫినాయిలుతో కడిగాం. ఎల్బో లోపల తెల్లగా పేరుకున్న గారకు యాసిడ్ పోయొచ్చా?

నట్టుబోల్టు:
అది మూత్రపు గార. ముందు మామూలు వెనిగర్ పోసి రాత్రంతా వదిలేయండి, చాలావరకు కరుగుతుంది. యాసిడ్ వాడాల్సొస్తే బాగా పలచగా, తలుపులు తీసి. బ్లీచింగ్ పోసిన చోట మాత్రం పొరపాటున కూడా పోయకండి, క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికొస్తుంది.

ఇక రెండో టాయిలెట్ పచ్చ పైపు కారేదాకా ఆగొద్దు. అంతకన్నా ముందు రెండింటికీ నీళ్లు లోపలికొచ్చే సన్న గొట్టం చూడండి, 19 మి.మీ.ది. పెద్ద గొట్టం కారితే కంపు, ఈ సన్నది ఊడితే బోటు మునుగుతుంది. నీటిమట్టానికి ఒక అడుగు కింద అంత చిన్న కన్నం నిమిషానికి పాతిక లీటర్ల దాకా లోపలికి తోస్తుంది, రాత్రి ఎవరూ చూడకపోతే తెల్లారేసరికి గదిలో మోకాలు దాటుతుంది. అక్కడ కూడా రెండు క్లిప్పులు వేయండి, వాడనప్పుడు వాల్వు మూసి ఉంచండి, ఆ కన్నానికి సరిపోయే చెక్క బిరడా ఒకటి తాడుతో వాల్వుకే కట్టి పెట్టండి.