గునుగు కంకుల తెలుపు వాటర్‌కలర్‌లో నిలవడం లేదు

బతుకమ్మ రోజుల్లో దేవరకొండ వైపు చెలకలను అక్కడే కూర్చుని వాటర్‌కలర్‌లో వేస్తున్నాను. కాగితం మందపాటి 300 జీఎస్‌ఎం కోల్డ్ ప్రెస్డ్ (కాస్త గరుకుగా ఉండే రకం), పూర్తి కాటన్. ఎర్రనేలకు బర్న్ట్ సియెన్నా, దూరపు గుట్టలకు అందులోనే కాస్త అల్ట్రామెరైన్ నీలం సరిపోతున్నాయి. తంగేడు పసుపుతోనూ పేచీ లేదు.

చిక్కంతా గునుగుతోనే. కొసన లేత గులాబీ, కింద వెండి తెలుపు, అదీ గుంపులు గుంపులుగా. తెల్లగా ఉంచాల్సిన చోట రంగు అంటకుండా ముందు పూసి, తర్వాత ఒలిచేసే మాస్కింగ్ ఫ్లూయిడ్ ఎండకు అతుక్కుపోయి, తీస్తుంటే కాగితం పైపొర లేస్తోంది. నీడలో ఆరబెట్టి వెంటనే తీస్తే కాగితం దక్కుతోంది కానీ అంచులు కత్తిరించినట్టు కరుకుగా వస్తున్నాయి. మైనం రుద్దితే ఆ తర్వాత గులాబీ పట్టదు. చివర్లో తెల్ల గవాష్ (కింది రంగును కప్పేసే చిక్కటి నీటి రంగు) పెడితే సున్నం కొట్టినట్టుంది, పక్కనున్న పారదర్శకమైన రంగులన్నీ వెలవెలబోతాయి.

వెనకాల ఆకుపచ్చ వాష్ (పలచటి రంగు పూత) ఒకే ఊపులో వేస్తూనే, కంకుల అంచులు మెత్తగా ఉండేలా కాగితం తెలుపును మిగుల్చుకోవడం ఎలా?