గ్రామిసిడిన్ ప్యాచ్‌లో రెసిస్టెన్స్ దిగట్లేదు, ఎవరైనా దారి చెప్పగలరా?

నమస్కారం అండీ. 5 రోజుల ఎలుక పిల్ల హిప్పోక్యాంపస్ (మెదడులో ఒక భాగం) ముక్కల్లో గాబా అనే నాడీ రసాయనం కణాన్ని ఉత్తేజపరుస్తోందా, అణచివేస్తోందా అన్నది కొలవాలి. ఆ వయసులో ఎన్‌కేసీసీ1 అనే కణపొర ప్రోటీన్ క్లోరైడును లోపలికి లాగుతుంది, బయటికి తోసే కేసీసీ2 ప్రోటీన్ ఇంకా తక్కువే. అందుకే గాబా ద్వారం తెరుచుకోగానే క్లోరైడు బయటికి పోయి కణం డీపోలరైజ్ అవుతుంది (లోపలి రుణ వోల్టేజీ తగ్గుతుంది). కణపొరను చించి కొలిచే మామూలు హోల్‌సెల్ పద్ధతిలో పిపెట్ (సన్నటి గాజు గొట్టం) ద్రవమే లోపలి క్లోరైడును మార్చేస్తుంది, ఇక ఆ కొలతకు అర్థం లేదు. గ్రామిసిడిన్ అనే యాంటీబయాటిక్ కణపొరలో చేసే రంధ్రాల్లో క్లోరైడు దూరదు కాబట్టి ఈ పద్ధతి పట్టుకున్నాం.

గ్రామిసిడిన్ స్టాక్ డీఎంఎస్ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు, పిపెట్‌లో మిల్లీలీటరుకు 50 మైక్రోగ్రాములు. కొనలో మాత్రం గ్రామిసిడిన్ కలపని 140 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్. పిపెట్‌కూ కణపొరకూ మధ్య సీలు గిగా ఓమ్ దాటుతోంది. కానీ 45 నిమిషాలైనా యాక్సెస్ రెసిస్టెన్స్ (పిపెట్ నుంచి కణం లోపలికి ఉండే నిరోధం) 150 మెగా ఓమ్‌ల దగ్గరే నిలిచిపోతోంది. 200 పికో ఆంపియర్లకే 30 మిల్లీవోల్టుల తప్పు, అంటే రివర్సల్ పొటెన్షియల్ (గాబా కరెంటు దిశ మారే వోల్టేజీ) గురించి ఏమీ చెప్పలేం.

తిరుపతి ఎండలకు గది కాగిపోతోంది. కలిపిన ద్రావణం గంటలోపే తెల్లగా మబ్బుపట్టి, సిరంజి గోడకు సన్నటి పొడిలా అంటుకుంటోంది. అరగంటకోసారి కొత్తగా కలపాలా, సోనికేట్ చేస్తే (ధ్వని తరంగాలతో కదిలిస్తే) సరిపోతుందా? కొనలో ఖాళీ ఎంత పొడవు ఉంచుతున్నారు?