బాలింతకు పంటినొప్పి: ఎన్‌హెచ్‌ఎస్ డెంటిస్ట్ ఫ్రీనా?

రెడింగ్ కొత్తమ్మాయి:
అందరికీ నమస్తే. మేం యూకే వచ్చి ఏడాది కాలేదు. మా వారిది స్కిల్డ్ వర్కర్ వీసా, నాది డిపెండెంట్. పాపకి 7 వారాలు. కడుపుతో ఉన్నప్పటి నుంచీ బ్రష్ చేస్తే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. ఇప్పుడు వెనక పన్ను ఒకటి రాత్రిళ్లు లాగేస్తోంది. ఇక్కడి ప్రభుత్వ వైద్యం, అదే ఎన్‌హెచ్‌ఎస్‌లో, డెంటిస్ట్‌కి డబ్బు కట్టాలా? పాపకి ఎప్పటి నుంచి చూపించాలి?

స్లౌ బాబాయ్:
అమ్మా, వీసాతో పాటు ఏడాదికి 1,035 పౌండ్లు హెల్త్ సర్‌చార్జి కట్టారుగా. అన్నీ అందులోనే. కాన్పయ్యాక ఆర్నెల్ల వరకు పళ్లకి పైసా కట్టక్కర్లేదు. అది సరే, పాప పాస్‌పోర్టుకి అప్లై చేశారా? ముందు ఆ పని చూడండి.

లెస్టర్ అక్క:
బాబాయ్ గారూ, సర్‌చార్జి కట్టినా ఇంగ్లాండ్‌లో పెద్దవాళ్లు పళ్లకి విడిగా కట్టాల్సిందే. ఈ అమ్మాయికి ఫ్రీ ఎందుకంటే బాలింత కాబట్టి. అదీ ఆర్నెల్లు కాదు, 12 నెలలు. కానీ మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ ఉండాలి, అంటే గర్భిణులకీ బాలింతలకీ ఫీజు మాఫీ అని చూపే కాగితం. దాని సంగతి నన్నడగండి.

మా రెండోవాడప్పుడు, కాన్పు చూసే మిడ్‌వైఫ్ తనే అప్లై చేస్తానంది. చేసిందనుకున్నా. డెంటిస్ట్ దగ్గర రిసెప్షన్ అమ్మాయి "బేబీ ఉందిగా, ఫారంలో ఫ్రీ అన్నచోట టిక్ పెట్టండి" అంటే పెట్టేశా. ఫిల్లింగ్ అయింది, ఇంటికొచ్చా, మర్చిపోయా. నాలుగు నెలలకి ఎన్‌హెచ్‌ఎస్ నుంచి ఉత్తరం! ఫిల్లింగ్ డబ్బులు, పైన 100 పౌండ్ల పెనాల్టీ. పిల్లాణ్ణి చంకనేసుకుని నలభై నిమిషాలు ఫోన్‌లో వాళ్ల మ్యూజిక్ విన్నా. వాడు పాలకి ఏడుపు, నేను కోపంతో ఏడుపు. చివరికి తేలిందేంటంటే నా పేరు మీద సర్టిఫికెట్టే లేదు. మిడ్‌వైఫ్ సెలవులో ఉందట. మొత్తం కట్టా. అందుకని, సర్టిఫికెట్ చేతికి రాకుండా ఎవరు చెప్పినా టిక్ పెట్టకండి. ఇప్పుడైనా మిడ్‌వైఫ్‌నో, ఇంటికొచ్చి పాపని చూసే హెల్త్ విజిటర్‌నో, జీపీనో (మీ ఫ్యామిలీ డాక్టర్) అడిగి అప్లై చేయించుకోండి. మందుల చీటీలకి కూడా అదే పనికొస్తుంది.

హౌన్‌స్లో గోదారోడు:
అంత తలనొప్పి ఎందుకండీ, మార్చిలో ఇండియా వెళ్లినప్పుడు విజయవాడలో చేయించుకుంటే పోలా? మా ఇంట్లో అందరం అంతే.

లెస్టర్ అక్క:
పుచ్చిన పన్ను మీ టికెట్ తారీఖు చూసుకుని ఆగుతుందా?

క్రాయిడన్ డెంటల్ నర్స్:
మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. రెడింగ్ అమ్మాయీ, జీపీలాగా డెంటిస్ట్ మీ ఏరియాలోనే ఉండాలని రూలేం లేదు. ఎన్‌హెచ్‌ఎస్ సైట్‌లో కొత్తవాళ్లని తీసుకుంటున్నవి చూసి వరసగా ఫోన్లు చేయండి, పక్క ఊరైనా సరే. నొప్పి ఆగకపోతే, దవడ వాస్తే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కి చేయండి. మత్తు ఇంజెక్షన్‌కి పాలివ్వడం మానక్కర్లేదు. పాలిచ్చే తల్లికి తప్పనిసరైతే తప్ప వెండి రంగు ఫిల్లింగ్ పెట్టరు, 2018 జులై నుంచి అదే రూలు. ప్రైవేటుగా హైజీనిస్ట్ క్లీనింగ్ అంటే మాత్రం ఫ్రీ కాదు. రక్తం వస్తోందని బ్రష్ మానొద్దు, మానితే ఇంకా పెరుగుతుంది.

పాపకి మొదటి పన్ను కనపడగానే రోజుకి రెండుసార్లు తోమాలి. కనీసం 1000 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, బ్రష్ మీద పూసీ పూయనట్టు చాలు. మొదటి పుట్టినరోజు లోపు ఒకసారి చూపించండి. 18 ఏళ్ల లోపు పిల్లలకి ఫ్రీనే.

స్లౌ బాబాయ్:
పాలపళ్లే కదమ్మా, ఎలాగూ ఊడేవే. మా అమ్మ చిగుళ్లకి తేనె రాసేది, మాకేమైంది?

క్రాయిడన్ డెంటల్ నర్స్:
ఏడాది లోపు పిల్లలకి తేనె అసలు నాకించకూడదు బాబాయ్ గారూ. పళ్ల సంగతి అటుంచండి, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చితే ముందు పళ్లు నాలుగూ పుచ్చుతాయి. ఆరో నెల నుంచి కప్పు అలవాటు చేయండి.

స్లౌ బాబాయ్:
నాకు ఇప్పటికి నాలుగు రూట్ కెనాల్స్ అయ్యాయిలే. అది వేరే విషయం.

రెడింగ్ కొత్తమ్మాయి:
అందరికీ థాంక్స్. హెల్త్ విజిటర్ గురువారం వస్తుంది, ఫారం గురించి అడుగుతా. బ్రాక్‌నెల్‌లో ఒకచోట తీసుకుంటామన్నారు. మా అత్తగారు వచ్చే నెల వస్తున్నారు, పాప కోసం అరకు తేనె సర్దేశారట. ఆవిడకి ఎలా చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.