వంటింట్లో ఎగిరే చిన్న రెక్కల పురుగులను పూర్తిగా వదిలించుకోవడం ఎలా?

ప్రశ్న: గోదావరి గట్టు (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా మా వంటింట్లో సాయంత్రం లైటు వేసినప్పటి నుంచి బూడిద రంగు రెక్కల పురుగులు గోడల వెంట మెల్లగా ఎగురుతున్నాయి. అవి అర అంగుళానికి మించవు, వాలినప్పుడు రెక్కలు ఒంటికి చుట్టుకుని చిన్న పుల్లముక్కల్లా కనిపిస్తాయి. తెల్లవారి చూస్తే పైకప్పు మూలల్లో తెల్లటి పురుగులు పాకుతూ ఉంటాయి. సంక్రాంతి తరువాత తెచ్చిన 26 కిలోల బియ్యం బస్తాలో పైభాగాన కొన్ని గింజలు దారంతో అల్లినట్టు ఉండలు కట్టాయి. వేపాకు వేశాను, కర్పూరం పెట్టాను, దోమల మందు కొట్టాను. రెండు రోజులు తగ్గి మళ్ళీ వస్తున్నాయి. గోదాముల్లో వాడే మాత్ర ఒకటి గుడ్డలో మూటగట్టి బస్తాలో వేస్తే అన్నీ చస్తాయని తెలిసినవారు చెప్పారు. మా అత్తగారికి ఉబ్బసం ఉంది, సెలవులకు మనవలు వస్తున్నారు. ఆ మాత్ర వేయవచ్చునా? ఈ బియ్యం తినవచ్చునా, పారబోయాలా?

జవాబు: పైరు నేస్తం

నమస్కారమండీ. అన్నిటికన్నా ముందు ఆ మాత్ర సంగతి చెప్పాలి. దయచేసి దానిని ఇంట్లోకి రానివ్వకండి. గోదాముల్లో ధాన్యానికి వాడే మాత్ర సాధారణంగా అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగిలితే దాని నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వెలువడుతుంది. అది బస్తాలోనే ఆగిపోదు, తలుపు సందుల గుండా పక్క గదిలోకీ పాకుతుంది, ఒంట్లోకి వెళితే దానికి విరుగుడు లేదు. గాలి చొరకుండా మూసిన గోదాముల్లో శిక్షణ ఉన్నవారు వాడవలసిన మందు అది. పిల్లలు, పెద్దవారు నిద్రించే ఇంట్లో దాని ఊసే వద్దు.

మీరు వర్ణించినది బియ్యపు చిలుక అనిపిస్తోంది. దీని శాస్త్రనామం కార్సైరా సెఫలోనికా. నేను కొన్నేళ్ళు పనిచేసిన జీవ నియంత్రణ ప్రయోగశాలలో దీనిని పనిగట్టుకుని పెంచేవాళ్ళం. దీని గుడ్లను కార్డులకు అతికించి, వాటిలో ట్రైకోగ్రామా అనే అతి చిన్న పరాన్నజీవిని వృద్ధి చేసి, వరిలోనూ చెరకులోనూ కాండం తొలిచే పురుగుల గుడ్లను అరికట్టేందుకు రైతులకు ఇచ్చేవాళ్ళం. దీనికి మేతగా మేము వాడినవి పగలగొట్టిన జొన్నలు, సజ్జలు, కాస్త వేరుశనగ పొడి. అందుచేత మీరు బియ్యం బస్తా ఒక్కటే చూసి ఆగవద్దు. నూకలు, రవ్వ, చిరుధాన్యాలు, వేరుశనగ గుళ్ళు, నువ్వులు, అన్నీ చూడండి.

ఎగిరే పురుగు మన గింజలను తినదు, వారం పది రోజులకు మించి బతకదు, కానీ ఆ లోపలే ఒక్కో ఆడపురుగు వందకు పైగా గుడ్లు పెడుతుంది. తినేదంతా గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు. అది దారం తీసి గింజలను అల్లుకుని ఆ గూటిలో పెరుగుతుంది. ఎదిగినవాటిలో కొన్ని తిండి వదిలి, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటూ గోడలెక్కుతాయి, మీ పైకప్పు మూలల్లో కనిపించేవి అవే. మన వేడిలో గుడ్డు నుంచి రెక్కల పురుగు దాకా సుమారు నెలన్నర పడుతుంది కాబట్టి, ఎగిరేవాటిని ఎన్ని చంపినా అసలు మేత ఉన్నంతకాలం కొత్తవి వస్తూనే ఉంటాయి. దోమల మందు తిండి వస్తువుల దగ్గర కొట్టడం కూడా మానేయండి.

బియ్యంలో ఉండలు కట్టిన భాగం, వాసన మారిన భాగం పారవేయండి. మిగిలినది జల్లించి, రెండేసి కిలోలు గట్టి కవర్లలో మూసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచితే గుడ్లతో సహా చస్తాయి. బయటకు తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా కవరు విప్పకండి, విప్పితే గింజకు చెమ్మ పడుతుంది. పప్పులను మండుటెండలో పలచగా ఆరబోయవచ్చు గానీ, బియ్యాన్ని అలా పోస్తే గింజ పగిలి నూక అవుతుంది.

జవాబు: మానేరు ఇల్లాలు (కరీంనగర్)

పైన చెప్పిన మాట అక్షరాలా నిజం అక్కా. మా ఇంట్లో ఐదు నెలలు వంటిల్లంతా కడిగినా పోలేదు. చివరకు పడకగది బీరువా పైన, మా ఆడపడుచు ఒడిబియ్యంతో వచ్చిన కుడుకలు, ఎండు ఖర్జూరాల మూట దొరికింది. విప్పితే లోపలంతా బూజులాంటి జాలు. ఆ మూట తీసేశాక కూడా నెల రోజుల పాటు ఒకటీ అరా కనిపించాయి, ఎందుకంటే డబ్బాల మూతల గాడుల్లో, అరల్లో పరిచిన కాగితాల కింద, మేకు రంధ్రాల్లో గూళ్ళు మిగిలిపోయాయి. కాగితాలన్నీ తీసి కాల్చేసి, అరల సందులను పాత టూత్‌బ్రష్‌తో గీకి, సబ్బు నీళ్ళతో తుడిచి, పూర్తిగా ఆరాకే డబ్బాలు సర్దండి. వేపాకు కొత్తగా వచ్చే పురుగును కొంత దూరం పెడుతుందేమో గానీ, లోపల ఉన్నదానిని చంపడం నేనైతే చూడలేదు. పచ్చి ఆకు వేస్తే బియ్యానికి బూజు కూడా పడుతుంది.

జవాబు: డాలస్ తెలుగు

ఇక్కడ మేము జిగురు పూసిన ఎర అట్టలు అరల్లో పెడతాము, రాత్రికి రాత్రే పదుల సంఖ్యలో పడతాయి. భారతదేశంలో కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కాబట్టి ప్రయత్నించవచ్చు.

జవాబు: పైరు నేస్తం

ఆ అట్టల మీద వాడేది సాధారణంగా ఇండియన్ మీల్ మాత్ ఆడపురుగు వాసన. ఆ పురుగు రెక్కల్లో ముందు సగం లేత రంగులోనూ, వెనుక సగం రాగి రంగులోనూ ఉంటుంది. దాని మగపురుగులు ఆ వాసనకు వచ్చి అతుక్కుంటాయి. బియ్యపు చిలుకలో వాసనతో జతను పిలిచేది మగపురుగు, ఆ వాసన కూడా వేరు. గోదావరి గట్టు గారి ఇంట్లోవి ఒకే బూడిద రంగులో ఉన్నాయంటున్నారు కాబట్టి, డబ్బు పెట్టి అట్టలు కొనే ముందు ఒకదానిని పట్టి రెక్కలు చూసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు: గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. రెక్కల మీద రాగి రంగు లేదు. మీ జవాబు చదివి సజ్జల మాట గుర్తుపెట్టుకుని అటక ఎక్కాను. పావురాలకు వేయడానికి మా వారు తెచ్చి మరిచిపోయిన సజ్జల సంచి అక్కడ ఉంది, మూతి దగ్గర చేయి పెడితే సజ్జలు చాపలా ఒకే ముక్కగా పైకి లేచాయి. సంచిని గట్టి కవరులో బిగించి అప్పుడే బయటకు పంపించాము. బియ్యం కొంత ఫ్రీజర్‌లో ఉంది, మిగిలినది చోటు దొరికిన కొద్దీ పెడతాను. మాత్ర తెస్తామన్నవారికి వద్దని గట్టిగా చెప్పాను. నెలన్నర తరువాత ఎన్ని కనిపిస్తున్నాయో ఇక్కడే రాస్తాను.