తల్లిదండ్రులు కలవని ముగింపు మన పిల్లలకు తగినదేనా?

చర్చాంశం (నిర్వాహకులు, విజయనగరం): 1993లో వచ్చిన ‘మిసెస్ డౌట్‌ఫైర్’ చిత్రంలో, విడాకులైన తండ్రి తన ముగ్గురు పిల్లలకు దగ్గరగా ఉండటం కోసం వృద్ధురాలైన ఆయా వేషం కట్టి మాజీ భార్య ఇంట్లోనే పనికి కుదురుతాడు. చివరకు పిల్లలను కలిసే వీలు దొరుకుతుంది గాని దంపతులు మాత్రం కలవరు. ఆ కథ ప్రేరణతో కమల్ హాసన్ 1996లో నటించిన తమిళ చిత్రం మనకు ‘భామనే సత్యభామనే’గా వచ్చింది, అందులో దంపతులు ఒక్కటవుతారు. ఏ ముగింపు మేలు?

విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొండ: నిస్సందేహంగా రెండవదే. మన ఊళ్లలో ఆలుమగల మధ్య తగవు వస్తే నలుగురు పెద్దలు కూర్చుని సర్దిచెప్పి కాపురం నిలబెడతారు. విడిపోయినా నవ్వుతూ ఉండవచ్చునని పసివాళ్లకు చూపించడం నాకు నచ్చలేదు.

న్యాయవాది, బొబ్బిలి: మాస్టారికి నమస్కారం. కాపురాన్ని నిలబెట్టే ప్రయత్నం వద్దని నేను అనను. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం న్యాయమూర్తికే ఆ బాధ్యత అప్పగించింది. హిందూ వివాహ చట్టంలో 1976లో చేర్చిన 13-బి సెక్షన్ ప్రకారం, ఇద్దరూ ఇష్టపడి విడిపోదలచినా సాధారణంగా ఆరు నెలలు ఆగవలసి ఉంటుంది. (కలిసే ఆశ బొత్తిగా లేనప్పుడు ఆ గడువును మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.) అయితే ఆ ప్రయత్నాలన్నీ ముగిసి డిక్రీ కూడా వచ్చాక పిల్లవాడికి ఏం చెబుతాం? మీరు మెచ్చిన ముగింపు చూసినవాడు, నాన్న గట్టిగా ప్రయత్నిస్తే అమ్మ తిరిగి వస్తుందని నమ్ముతాడు. రాకపోతే నాన్న ప్రేమ చాలలేదనో, అమ్మది రాతిగుండె అనో, అంతకంటే ఘోరంగా, తాను బుద్ధిగా లేనందువల్లే ఇలా జరిగిందనో అనుకుంటాడు. కోర్టు ఆవరణలో తండ్రిని చూడటానికి వచ్చిన పిల్లలు ‘ఇవాళ ఇంటికొస్తావా నాన్నా’ అని అడగడం నేను విన్నాను. ఆ ఆంగ్ల చిత్రం చివర, తల్లిదండ్రులు విడిపోయిన ఒక పాప రాసిన ఉత్తరానికి ఆ తండ్రి టెలివిజన్‌లో అదే ముసలమ్మ వేషంలో జవాబు చెబుతాడు: వాళ్లు మళ్లీ కలవకపోయినా అందులో నీ తప్పేమీ లేదని. మన పిల్లలకు కావలసిన మాట అదే.

ఒక తల్లి, శ్రీకాకుళం: నా కూతురిని ఒంటరిగా పెంచుతున్నాను కనుక చెబుతున్నాను. ముగింపు గురించి ఇంతగా మాట్లాడుతున్న మీరెవ్వరూ ఆ ఇల్లాలి సంగతి ఎత్తలేదు. ఆమె తన పెళ్లి ఎందుకు చెడిందో ఆయాను నమ్మి చెప్పుకుంటుంది, వింటున్నది ఎవరో ఆమెకు తెలియదు. పైగా పెద్దపిల్లలిద్దరికీ తండ్రి గుట్టు తెలిసిపోయి, దాన్ని తల్లి దగ్గర దాచవలసి వస్తుంది. పిల్లల మీద ప్రేమతో చేసినంత మాత్రాన మోసం మోసం కాకుండా పోదు.

రంగస్థల నటుడు, విజయనగరం: అమ్మా, మీ మాట న్యాయమైనది. ఈ ఊళ్లోనే 1892లో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’లో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టింది ఒక పసిపిల్లను ఆ పెళ్లి నుంచి తప్పించడానికే. ఆశయం ఎంత మంచిదైనా, ఆ ‘పెళ్లికూతురు’ మాయమైనందుకు ముసలాయన మీద ఖూనీ నేరం పడేదాకా తీసుకువెళ్లి, నవ్వించిన వేషానికి వెల ఎంతో గురజాడ చూపించారు. ఆంగ్ల చిత్రం కూడా ఆ వెలను దాచలేదు: గుట్టు బయటపడిన తరువాత న్యాయమూర్తి ఆ తండ్రి మరొకరి పర్యవేక్షణలోనే పిల్లలను చూడాలని ఆదేశిస్తాడు. దంపతులను కలిపేస్తే ఆ వెల మాఫీ అయిపోతుంది.

విశ్రాంత ఉపాధ్యాయుడు, పాలకొండ: కాపురాలు నిలవాలన్న నా కోరిక మారదు. కాని ఆ తల్లిని అంతగా మోసగించిన మనిషికి, చివరకు పిల్లలను చూసే వీలు ఎలా దక్కింది?

న్యాయవాది, బొబ్బిలి: ఆమే ఇచ్చింది మాస్టారూ. పిల్లలు తండ్రి కోసం బెంగపడటం చూసి, ఆ పర్యవేక్షణ షరతు తొలగేలా చేసి, బడి వదిలాక రోజూ అతనితో గడపడానికి తానే ఒప్పుకుంటుంది. భార్యగా తిరిగి వెళ్లకుండానే ఆ పని చేసింది కాబట్టే నాకు ఆమె మీద అంత గౌరవం.